ధరకి కూడా శకం వెయ్యాలి

మా శ్రీకాకుళం జిల్లాలో ఏ రైతునైనా ధాన్యం మద్దతు ధర ఎంతని అడగండి. "ఏ ఏడాది ధర బాబూ?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. సాధారణ రకం క్వింటాలుకి 2023-24లో 2183 రూపాయలు, 2024-25లో 2300, 2025-26లో 2369. గింజ అదే, వంశధార నీళ్ళూ అవే. మారింది సీజను. అంటే ధర వస్తువుది కాదు, వస్తువూ తేదీ కలిస్తే తేలేది. రైతుకి తెలిసిన ఈ ముక్క మన సెర్చ్ ఇండెక్సులకి చాలావాటికి తెలీదు. ప్రోడక్టుకి ఒకే ఒక్క ధర ఫీల్డు పెట్టి ఊరుకుంటాం.

ఆ వంశధార ఒడ్డునే శ్రీముఖలింగం ఉంది. పక్కనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పాత లిపులు సొంతంగా నేర్చుకుని చదివినవి ఆ గుడి శాసనాలే. అఖండ దీపాలకి ఇచ్చిన దానాలు అక్కడ బోలెడు. చాలావాటిలో శక సంవత్సరం ఉంటుంది, కొన్నిటిలో రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో కూడా ఉంటుంది. రాజు మారితే ఆ రెండో లెక్కకి ఆధారం పోతుంది. శక 999 అంటే మాత్రం చోడగంగు పట్టాభిషేకం జరిగిన ఏడని (క్రీ.శ. 1078) ఇవాళ కూడా చెప్పగలం. "ఇప్పుడు ఇచ్చాను" అని చెక్కి ఉంటే ఎవరికేం తెలిసేది?

మన డేటాలో "ప్రస్తుత ధర" అనే ఫీల్డు సరిగ్గా అలాంటిదే.

నేను చూసిన ఒక దుకాణం సైటులో (పేరు వద్దు లెండి) అర్ధరాత్రి ఇండెక్సు మొత్తం తిరగరాసేవారు. అది పూర్తయ్యేసరికి మూడయ్యేది. ఆ మూడు గంటలూ సెర్చిలో నిన్నటి తగ్గింపు ధర, కార్టులో ఇవాళ్టి అసలు ధర. కొనేవాడికి మన ఇండెక్సు గొడవ అనవసరం. 800 అని పిలిచి 900 లాగారు, అంతే. మళ్ళీ రాడు.

సరే, తేదీలు ఇండెక్సులోనే పెడదామంటారు. ఇక్కడో గొయ్యి ఉంది. పలాస జీడిపప్పు పాకెట్ అక్టోబర్ 1 నుంచి 15 దాకా 900, 16 నుంచి 31 దాకా 800 అనుకుందాం. ధరలు ఒక జాబితాగా, తేదీలు ఇంకో జాబితాగా పెడితే ఏ ధర ఏ తేదీదో ఇండెక్సుకి గుర్తుండదు. అక్టోబర్ 5న "850 లోపు" అని వెతికినా ఆ పాకెట్ వచ్చేస్తుంది, జాబితాలో 800 ఉంది కాబట్టి!

అందుకే ఒక్కో ధరనీ దాని మొదలు, ముగింపు తేదీలతో కలిపి విడి పిల్ల డాక్యుమెంటుగా పెట్టాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో నెస్టెడ్, సోలర్‌లో బ్లాక్ జాయిన్ అందుకే ఉన్నాయి. వరస పేర్చేటప్పుడు కూడా అదే తేదీ ఫిల్టరు వెయ్యడం మరవొద్దు. దీనికీ ఖర్చుంది. డాక్యుమెంట్లు పెరుగుతాయి, ఒక్క ధర మారినా తల్లీపిల్లల్ని కలిపి మళ్ళీ రాయాలి. గంటగంటకీ మారే ధరలకి ఈ పద్ధతి పనికిరాదు.

ఇంకో రెండు చిక్కులు. "15 వరకు" అంటే 15 కలిపా, కలపకుండానా? మన భాషలోనే తేలని మాట అది. ముగింపుని 16వ తేదీ 00:00గా రాసి, "అంతకంటే ముందు" అని పోల్చండి, గొడవుండదు. రెండోది, సోలర్‌లో నౌ/డే అని రాస్తే రోజు యూటీసీ లెక్కన మొదలవుతుంది. టైమ్‌జోన్ చెప్పకపోతే మన కొత్త ధర పొద్దున్న 5:30కి గానీ నిద్ర లేవదు :)

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. ఆ తేదీ ముందే ప్రకటించారు. ధరకి తేదీ ఉన్న సిస్టమైతే కొత్త ధరలు ముందురోజే ఎక్కించి హాయిగా పడుకోవచ్చు. లేకపోతే అర్ధరాత్రి జాగారమే.

ఒక్క మాట. గడిచిపోయిన ధరలు ఇండెక్సులోంచి తీసెయ్యండి, డేటాబేసులోంచి మాత్రం తియ్యొద్దు. "ఆ రోజు మీరెంత చూపించారు?" అని కొన్నవాడు అడిగితే జవాబు చెప్పగలగాలి కదా. నా మటుకు నాకు వ్యాపారంలో నిజాయితీ అంటే అదే. మీరేమంటారు?