అందఱి బాట

తన వాకిటిని ప్రతిదినము ఊడ్చి ముగ్గిడని యిల్లాలుండదు. పదిమంది నడచు బాటను మాత్ర మెవ్వరును తమదిగా నెంచరు.

హైదరాబాదున మేము నివసించు అపార్టుమెంటు కట్టి నాలుగేండ్లయినది. అప్పుడే నడకబాట పలకలు క్రుంగి, వాననీరు నిలిచి, పాచి పట్టుచున్నది. జాఱిపడుదునేమో యను భయమున మా పొరుగింటి పెద్దమ్మగారు సాయంకాలపు నడకయే మానుకొనిరి. నెలనెలా మెయింటెనెన్సు రుసుము చెల్లించుచునే యున్నాము. కార్యవర్గము నడిగిన “బిల్డరు బాధ్యత” యందురు. బిల్డరు నడిగిన “సంఘమున కప్పగించితిమి” యనును.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము 14వ సెక్షను ప్రకారము, స్వాధీనపఱచిన 5 సంవత్సరములలోపల పనితనపు లోపమును తెలియజేసినచో, నిర్మాత 30 దినములలో ఉచితముగా బాగుచేయవలెను. గడువు మీఱిన పిదప వాదించి ఫలమేమి?

సర్వసభ్య సమావేశములకు మాలో పురుషులే పోవుదురు. చంటిబిడ్డల నెత్తుకొని ఆ బాటను నడచువారము మేము. కావున ఆర్గురము కూడి, చెడిన పలకల నెంచి, తేదీ వేసి, అర్జీ వ్రాసి, ఇరువురికిని అందజేసి రసీదు పుచ్చుకొంటిమి. వారము తిరుగకమునుపే బిల్డరు మనుష్యుడు వచ్చి కొలతలు తీసికొనిపోయెను. పని ముగియువఱకు మేము విడువదలచుకొనలేదు.

గడప దాటిన పిదపను ఇల్లున్నదని మనము గుర్తింపవలదా?