బడేమియా ఎవరివాడు?

మా నాన్నల తరం 'మావాళ్లు' అందంటే పాకిస్తాన్ క్రికెట్ జట్టని కాదు, హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని అర్థం. ఈ మాట ముందే చెప్పుకోవాల్సి వస్తోంది. ఎందుకంటే క్రికెట్ మ్యాచి ఉందంటే చాలు, మా అవుకులో ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు. "ఏం భాయ్, రేపు మీవాళ్లు గెలుస్తారా?" అడిగేవాడు పగవాడేం కాదు. పీర్ల పండక్కి మాతోపాటు నిప్పుల గుండం తొక్కేవాడే. ఎగతాళికే అంటాడు. మేమూ నవ్వేస్తాం. నవ్వాక నోరు చేదవుతుంది.

మావాళ్లెవరో చెబుతాం, వినండి.

సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో బడిపంతులు. రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు. నూర్ మహమ్మద్, అజీజ్, యూసుఫ్ ఖాన్ ఆయన చేతికింద ఎదిగినవాళ్లు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా. మా నాన్నల లెక్కలో బలరాం కూడా 'మావాడే'. ఆ లెక్కలో మతానికి గడి లేదు.

వీళ్ల వెనక వచ్చినవాడు మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదులో పుట్టాడు. మైదానం నడిమిభాగం అతని రాజ్యం. బంతి పోయిందా, వెనక్కి పరుగెత్తి మళ్లీ లాక్కునేదాకా ఊరుకోడు. మా ఊళ్లో ఆ ఆట కళ్లతో చూసినవాళ్లు తక్కువ, చెవులతో విన్నవాళ్లే ఎక్కువ. పగలంతా నాపరాయి కొట్టి వచ్చినవాళ్లు, ఆలస్యంగా అందిన ఉర్దూ పేపరును చదువొచ్చినవాడి చేత పైకి చదివించుకుని వినేవాళ్లట. మేం బడికి వెళ్లేనాటికి హబీబ్ మైదానం వదిలేశాడు. అయినా అతని మీద బెంగ మాకు ఆస్తిలా దక్కింది.

హబీబ్ 1966లో కలకత్తా వెళ్లాడు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు. ఆ క్లబ్బు అభిమానులెవరు? దేశం చీలినప్పుడు ఇల్లూ వాకిలీ వదిలి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన హిందూ కుటుంబాలవాళ్లే ఎక్కువ. మతం పేరుతో సర్వం పోగొట్టుకున్నవాళ్లు. ముస్లిం పేరు వింటే ముఖం తిప్పుకోవడానికి వాళ్లకు కారణాలున్నాయి. వాళ్లే ఈ హైదరాబాదీ సాయిబును 'బడేమియా' అని నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత అతను మోహన్ బగాన్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడాడు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమం చేసినప్పుడు ఒక గోల్ హబీబ్‌దే. 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి కంచు పతకం వచ్చింది. కెప్టెన్ మరో హైదరాబాదీ, సయ్యద్ నయీముద్దీన్. జట్టులో హబీబ్ ఉన్నాడు.

ఆ కాలమంతా బంగారమని మేం అనం. పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లు గడిచాయో లేదో, ఆ గాయం పచ్చిగా ఉండగానే రహీం సాబ్ పిల్లలు కప్పులు గెలిచారు. హైదరాబాదు తన ఆటను నిలుపుకోలేకపోయింది కూడా. గురువు పోయాడు. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. 1965-66 తర్వాత ఆంధ్రప్రదేశ్ మళ్లీ సంతోష్ ట్రోఫీ గెలవలేదు. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు తెచ్చాక వీధులన్నీ క్రికెట్‌వే అయ్యాయి. ఆ క్రికెట్‌తోపాటే మాకు పరీక్షా వచ్చింది.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో చనిపోయాడు. ఆ రోజు మా వాడకట్టులో కొందరు "చూశారా, జెండా పండుగ నాడే పోయాడు" అన్నారు. దుఃఖంలో కూడా ఆ తేదీని సాక్ష్యంగా దాచుకోవాలనిపించిందంటే, లోపల ఎంత భయం పేరుకుని ఉండాలి? రహీం పతకం, నయీం కెప్టెన్సీ, హబీబ్ అర్జున అవార్డు, ఇవన్నీ ఇప్పుడు మా జేబుల్లో సర్టిఫికెట్లయ్యాయి. ఎవరైనా ప్రశ్నిస్తే తీసి చూపించడానికి. ఆటగాడికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా? అతను ఇచ్చిన పాసు ఎంత అందంగా ఉందో చెప్పుకోవడం మాని, అది ఏ జెండా కింద ఇచ్చాడో చెప్పుకుంటున్నాం.

ఇల్లు పోగొట్టుకుని గ్యాలరీలో కూర్చున్న కాందిశీకుడు హబీబ్‌ను 'నువ్వెవరివాడివి?' అని అడగలేదు. ఏమీ పోగొట్టుకోనివాళ్లు మమ్మల్నెందుకు అడుగుతున్నారు?

మాకున్న కోరిక చిన్నది. మన జట్టు చెత్తగా ఆడిన రోజు గట్టిగా తిట్టాలని ఉంటుంది. తిడితే ఏమనుకుంటారోనని గొంతులోనే మింగేస్తాం. గెలిచిన రోజు అందరికంటే ఒక కేక ఎక్కువ వేస్తాం, ఎవరన్నా వింటున్నారేమోనని. మా నాన్నలు హబీబ్ గెలిస్తే ఎగిరారు, ఓడితే తిట్టారు. పక్కవాడి ముఖం చూడకుండానే రెండూ చేశారు. మేం బెంగపడేది పతకాల కోసం కాదు, ఆ తిట్టు కోసం.