గంతలు కట్టిన సీసాలు

సంఘం పత్రికలో వైను ప్రస్తావన ఏమిటని పెద్దలు కొందరు ముఖం చిట్లించవచ్చు. వారికి ముందుగానే మనవి: ఇది తాగుడు గురించి కాదు, మా యింట్లో మేము చేసిన ఒక పొరపాటు గురించి.

కాలిఫోర్నియాలో కాపురమున్న మనవాళ్ళకు నాపా లోయ కొత్తేమీ కాదు. ఇంటి దగ్గర్నుంచి చుట్టాలు వస్తే గోల్డెన్ గేట్ వంతెన చూపించాక అక్కడికే తీసుకుపోతాం. అలా మాకూ, మరో మూడు జంటలకూ ఎర్రవైన్ల మీద సరదా పుట్టింది. సరదాతోపాటు కాస్త గొప్ప కూడా. ఎవరింటికి వెళ్ళినా వైను కంటే ముందు దాని ధర బల్ల మీదికి వచ్చేది.

"ధర తెలియకపోతే ఏది మంచిదో చెప్పగలమా?" అని ఒకనాడు వాదన వచ్చింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు ఈ పనే చేశాడు. పేర్లు దాచి ఫ్రెంచి నిపుణులకు రుచి చూపిస్తే, ఎర్రవాటిలో నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 వైను, బోర్డో హేమాహేమీలను దాటి మొదట నిలిచింది. మనమూ చేద్దామనుకున్నాం.

గంతలు మా కళ్ళకు కాదు, సీసాలకు. అన్నీ కాబెర్నే రకమే, ఆరు సీసాలు. ధర 14 డాలర్ల నుంచి 300 దాకా. సీసా ఆకారం చూసి పోల్చకుండా అన్నీ ఒకే వాటంవి తెమ్మన్నాం. మూతి మీది రేకు వొలిచేసి, కాగితం సంచీలు తొడిగి, మెడకు రబ్బరు బ్యాండు వేసి, అంకెలు రాశాం. ఇంట్లో ఆ రోజు ఇంగువ పోపు నిషిద్ధం. అగరువత్తులు, సెంట్లు కూడా. తినటానికి చప్పటి రొట్టె, మంచినీళ్ళు, అంతే. ఏ సంచీలో ఏముందో తెలిసింది ఒక్క వదినకే. మాలో పెద్దవాడు కనుక అందరం అన్నయ్యా అని పిలిచే మిత్రుడి భార్య ఆవిడ. చుక్క ముట్టదు. సంచీలు తొడగటం, మార్కులు కూడటం ఆవిడ పని.

మొదట్లో ఎంత బాగుందో! ఇంగ్లీషు పుస్తకాలు బ్లాక్‌కరెంట్ వాసన అంటాయి. ఆ పండు మేమెవ్వరం చిన్నప్పుడు ఎరగం. పేరూ ధరా మాయమయ్యేసరికి అరువు మాటలూ మాయమయ్యాయి. "నేరేడు పండు తిన్న నాలుకలా ఉంది" అన్నారొకరు. "పచ్చి అరటికాయ కొరికినట్టు" అన్నారింకొకరు. వైన్లో టానిన్ చేసే పనికి మనకు వగరు అనే మంచి మాట ఉండనే ఉంది. ఏటా ఉగాది పచ్చడిలో తింటూనే ఉన్నాం.

ఏడుగురం 20కి మార్కులు వేశాం. 14 డాలర్లది రెండోస్థానంలో నిలిచింది. అందరికంటే అడుగున 4వ నెంబరు. అన్నయ్య దానికి 7 మార్కులు వేసి, "ఒట్టి వగరు, పండే లేదు" అని రాశాడు. సంచీ తీస్తే అది ఆయన తెచ్చిన 300 డాలర్ల సీసా.

అందరం విరగబడి నవ్వాం. "అన్నయ్యా, మూడువందలు పోసి కషాయం కొన్నారా!" అన్నది మేమే. ఆయనా నవ్వాడు గానీ భోజనానికి ఉండలేదు, తలనొప్పి అన్నాడు. మార్కులు కూడుతున్నప్పుడే వదిన ముఖం మారిందని తర్వాత ఒకరు చెప్పారు. మేము చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం మిగిలిన సగం సీసాకు బిరడా పెట్టి వాళ్ళింటికి తీసుకుపోయాం. వదిన మాంసం కూర వడ్డించింది. అప్పుడు చెప్పాడాయన. పన్నెండేళ్ళ కిందట ఉద్యోగం పోయి ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. మళ్ళీ దొరికాక మొదటి జీతంలో, వదినతో పోట్లాడి మరీ కొన్న సీసా అది. మంచిరోజు చూసి తీద్దామని బట్టల అల్మారాలో దాచాడు. "మీ యింట్లో అందరం కలుస్తున్నాం, ఇంతకంటే మంచిరోజేముంది అనుకున్నానోయ్" అన్నాడు.

ముగ్గురం గ్లాసుల్లో పోసుకున్నాం. నిజంగా బాగుంది. కారణాలు వెతికితే దొరుకుతాయి. రాత్రంతా గాలి తగిలింది. మాంసకృత్తులు టానిన్‌ను పట్టుకుంటాయి కనుక కూరతో వగరు తగ్గింది. ముందురోజు తియ్యటి పండు రుచి వైను వెనకాల రావటం వల్ల మరీ కటువుగా తోచి ఉంటుంది. ఇంకొకటీ ఉంది. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే వైనును ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. 90 అన్నప్పుడు తాగినవారికి ఎక్కువ నచ్చింది. మెదడులో సంతోషం తెలిసే చోట కదలికా ఎక్కువైంది. అది చదివి మనుషులెంత వెర్రివాళ్ళో అనుకున్నాం. ఏడు నెలల కష్టం విని తాగినప్పుడు మాకు కలిగిన సంతోషం కూడా అలాంటిదే గదా! దాన్ని అబద్ధమనటానికి మనసొప్పలేదు.

మీలో ఎవరైనా ఈ ఆట ఆడదలిస్తే తప్పక ఆడండి, మన నాలుక మీద మనకు నమ్మకం కలుగుతుంది. అయితే సంచీ తొడిగే ముందు, సీసా తెచ్చినవారిని ఎందుకు కొన్నారో ఒక్కమాట అడగండి. మేము అడగలేదు.