బాబాయి పాటల పెట్టె

ఖరగ్‌పూర్ అనగానే అందరికీ మా స్టేషన్ ప్లాట్‌ఫారం గుర్తుకొస్తుంది. దాని పొడవు 1,072.5 మీటర్లు. మా ముత్తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ దిగినప్పుడు అది ఇంత పొడవు లేదట. అప్పటి నుంచి మా కుటుంబం ఇక్కడే. మాకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో బెంగాలీ.

మా బాబాయి మాత్రం రైల్వేలో చేరలేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. సెలవు దొరికితే పెళ్ళిళ్ళకీ, పూజలకీ పాటలు వేస్తాడు. రెండు పెద్ద బాక్సులు, ఒక మిక్సర్, ఒక పాత ల్యాప్‌టాప్, అందులో ‘మిక్స్’ అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్. ఇంగ్లీషులో ఆ పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో నాలుగు వేలకు పైగా పాటలు ఉన్నాయి. తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, అన్నీ కలగలిసి ఉంటాయి. మా ఊరు ఎలా ఉంటుందో ఆ పెట్టె కూడా అలాగే ఉంటుంది.

సెప్టెంబర్‌లో విశ్వకర్మ పూజ వస్తుంది. ఆ రోజు మా ఊళ్ళో మెషిన్లకు దండలు వేస్తారు, ఆకాశం నిండా గాలిపటాలు ఎగురుతాయి. పార్క్‌లో బాబాయి వాళ్ళ షెడ్డు దగ్గర పాటలు వేసేది ఆయనే. గత ఏడాది పూజకు నాలుగు రోజుల ముందు నేను ఆ ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. చూడగానే తల తిరిగింది.

ఘంటసాల గారి పేరే ఐదు రకాల స్పెల్లింగులతో ఉంది. కొన్ని పాటలకు పేరు బదులు ‘ట్రాక్ 2’ అని ఉంది. కొన్ని పేర్లు మధ్యలోనే తెగిపోయాయి. 1996లో వచ్చిన మొదటి రకం ఐడీ3 ట్యాగ్‌లో పాట పేరుకు 30 అక్షరాలే పడతాయి, అందుకే అలా. ఇంకొన్నిచోట్ల తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు ఉన్నాయి. అన్నిటికంటే వింత బాబాయి స్వయంగా పెట్టిన పేర్లు. ‘గేట్ బజార్ తాత’, ‘ఖిచుడీ’, ‘బస్సు’. ఇవి పాటల పేర్లా?

నేను పన్నెండో తరగతి. కంప్యూటర్ సైన్స్‌లో డేటాబేస్ పాఠం అప్పుడే పూర్తయింది. బాబాయికి సాయం చేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే నా తెలివి చూపిద్దామని కూడా అనుకున్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని ఫైళ్ళన్నిటినీ భాషల వారీగా నాలుగు ఫోల్డర్లలోకి మార్చాను. పేర్లు కొన్ని చేత్తో, మిగతావి ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి మార్చేశాను. సాఫ్ట్‌వేర్‌లో ‘వద్దు’ అనే పేరుతో పదకొండు పాటల జాబితా ఒకటి కనబడింది. వద్దంటే వద్దనే కదా అని ఆ ఫైళ్ళను తీసి పారేశాను.

పూజకు రెండు రోజుల ముందు రాత్రి బాబాయి సెకండ్ షిఫ్టు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. జాబితాల్లోని పాటలు ఒక్కటీ పలకలేదు. అన్నీ ‘మిస్సింగ్’ అని వచ్చాయి.

“ఏటమ్మా చేసేవు?” అన్నాడు. కోపంగా అనలేదు. భయంగా అన్నాడు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

జరిగింది ఇది. పాటలు ఉండేది హార్డ్ డిస్క్‌లో. సాఫ్ట్‌వేర్ దగ్గర ఉండేది ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. అందులో ఒక పట్టికలో పాట వివరాలు, మరో పట్టికలో ఆ ఫైలు ఏ ఫోల్డర్లో ఏ పేరుతో ఉందో ఆ చిరునామా ఉంటాయి. జాబితాల పట్టికలో పాట పేరు ఉండదు, పాట నంబరు మాత్రమే ఉంటుంది. మనం ఫారిన్ కీ అని చదువుకున్నది ఇదే. ఫైలు చోటు మాత్రమే మారితే, మళ్ళీ స్కాన్ చేసినప్పుడు పేరూ నిడివీ చూసి సాఫ్ట్‌వేర్ చాలావరకు పోల్చుకుంటుంది. నేను చోటూ మార్చాను, పేరూ మార్చాను. దాంతో ప్రతి పాటకూ కొత్త నంబరు పడింది. జాబితాలు పాత నంబర్లనే పట్టుకుని కూర్చున్నాయి.

జాబితాలే కాదు. పాట ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుపెట్టుకున్న క్యూ పాయింట్లు, చేత్తో సరిదిద్దిన వేగాలు కూడా పాత నంబర్లతోనే ఉండిపోయాయి. నిమిషానికి 70 దెబ్బలున్న పాటను కంప్యూటర్ ఒక్కోసారి 140 అని లెక్కేస్తుంది. పాత సినిమా పాటల్లో వాయించేది మనుషులు కాబట్టి వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. అలాంటివన్నీ బాబాయి ఏళ్ళ తరబడి చెవితో విని సరిచేసుకున్నాడు.

అదృష్టం రెండు రకాలుగా కలిసొచ్చింది. డేటాబేస్‌లోని పాత వివరాలను నేను చెరపలేదు. ఉగాదికి బాబాయి పాటలన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి దాచాడు. ఆ రాత్రి నేను మార్చిన ఫోల్డర్లను పక్కకు జరిపి, దాచిన పాటలను అవే పేర్లతో అవే చోట్ల పెట్టి మళ్ళీ స్కాన్ చేశాం. జాబితాలు ఒక్కొక్కటిగా ప్రాణం పోసుకున్నాయి. ఉగాది తర్వాత చేర్చిన అరవై మూడు పాటలను మాత్రం ఒక్కొక్కటే వెతికి కొత్తగా సర్దాల్సి వచ్చింది. పడుకునేసరికి తెల్లవారుజామున మూడయింది.

పని చేస్తుండగా అడిగాను. “బాబాయ్, ఈ పేర్లేంటి?”

అప్పుడు చెప్పాడు. ‘గేట్ బజార్ తాత’ అంటే వర్క్‌షాప్‌లో రిటైరైన ఒక పెద్దాయన ప్రతి పెళ్ళిలో అడిగే పాట. ‘ఖిచుడీ’ అంటే పూజలో మధ్యాహ్నం భోగ్ వడ్డించేటప్పుడు వేసే నెమ్మది పాటలు. తినేవాళ్ళు మాట్లాడుకోవాలి కదా, అప్పుడు గట్టి పాటలు పనికిరావు. ‘బస్సు’ అంటే తర్వాతి షిఫ్టు వాళ్ళ బస్సు వచ్చి ఆగేటప్పుడు వేసేవి.

“మరి ‘వద్దు’?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆయన లైన్‌లో పనిచేసిన ఒకాయన జబ్బు చేసి పోయాడట. ప్రతి పూజకూ ఆ పదకొండు పాటలే అడిగేవాడట. “అవి వేస్తే ఆ లైన్ వాళ్ళకి పూజ సాగదమ్మా. అందుకే వద్దు. ఆయన తమ్ముడు కూడా పార్క్‌లోనే పని చేస్తాడు. అతను అడిగితే మాత్రం వేస్తాను.”

నేను చెత్త అనుకుని పారేసినవి అవే.

మర్నాడు సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి నేను ఒక్క ఫైలు పేరు కూడా మార్చలేదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పాటకూ ‘కామెంట్’ అని ఒక గడి ఉంటుంది. బాబాయి చెబుతుంటే అందులో తెలుగులో రాశాను. ఎవరు అడుగుతారు, ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు అన్నీ రాశాను. మా బడిలో తెలుగు లేదు. నాకు అక్షరాలు నేర్పింది నానమ్మ. ఆ రోజు అవి పనికొచ్చాయి. పని మొదలుపెట్టే ముందే పాటలకీ డేటాబేస్‌కీ రెండిటికీ నకలు తీసి పెట్టాను.

పూజ రోజు నేనూ షెడ్డుకు వెళ్ళాను. సాయంత్రం జనం పలచబడ్డాక ఒకాయన వచ్చి బాబాయి చెవిలో ఏదో అన్నాడు. బాబాయి నా వైపు చూశాడు. నేను ‘వద్దు’ జాబితా తెరిచాను. మొదటి పాట మొదలైంది. ఆయన అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నాడు. వెళ్ళేటప్పుడు బెంగాలీలో “బాగుంది” అని మాత్రం అన్నాడు.

ఆ ఫైళ్ళు ఉగాదికి దాచకపోయి ఉంటే నేను ఆయనకు ఏమని చెప్పేదాన్ని?

పరీక్షలో ప్రైమరీ కీ అంటే ఏమిటని అడిగితే నేను తప్పు రాయను. కానీ ఒకరు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదాన్ని సర్దే ముందు, ఇది ఇలా ఎందుకుందని వాళ్ళని అడగాలన్నది నాకు తెలియలేదు. మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ ఫోన్లో నంబర్లో, తాతగారి కాగితాల కట్టో. సర్దండి, తప్పులేదు. ముందు నకలు తీయండి. దానికంటే ముందు పక్కన కూర్చుని అడగండి.

— పన్నెండో తరగతి విద్యార్థిని