కాంక్రీటు నది వెంట కోటి జనం

కెనోగా పార్క్ హైస్కూలు ఆటస్థలం వెనక బెల్ క్రీక్, అరోయో కాలబాసస్ అనే రెండు వాగులు కలిసేచోట లాస్ ఏంజెలెస్ నది మొదలవుతుంది. అక్కడ నది అడుగూ కాంక్రీటే, గట్లూ కాంక్రీటే. వేసవిలో మధ్యనున్న సన్నటి గాడిలో మాత్రమే నీళ్ళు కదులుతుంటాయి. 1938 వరదల్లో ఇళ్ళు కొట్టుకుపోయాక సైనిక ఇంజనీర్లు నదిని ఇలా బిగించారు. అక్కడినుంచి లాంగ్ బీచ్ దగ్గర సముద్రంలో కలిసేదాకా, దాదాపు 82 కిలోమీటర్ల పొడవునా నది లాస్ ఏంజెలెస్ కౌంటీలోనే పారుతుంది.

అమెరికాలో ఇంత జనమున్న కౌంటీ మరొకటి లేదు. 2020 జనగణనలో 1,00,14,009 మంది లెక్కకు వచ్చారు. వారిలో లాటినోలు 48 శాతం, తెల్లవారు నాలుగోవంతు, ఆసియా మూలాలవారు 15 శాతం, నల్లజాతివారు 8 శాతం దరిదాపు. మూడోవంతు మంది వేరే దేశాల్లో పుట్టినవారు. సగానికి పైగా జనం ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు కాదు. అయితే ఈ సగటును పట్టుకుని ఏ పేటకు వెళ్ళినా అది అక్కడ సరిపోదు. 88 నగరాలు, 80 విద్యా జిల్లాలు ఉన్న కౌంటీ ఇది. ఒక్కో చోటికి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరిని రానివ్వలేదో ఆ చోటి బడి హాజరుపట్టీ చెబుతుంది.

నది ముందుగా పారేది శాన్ ఫెర్నాండో లోయలో. 1913లో ఓవెన్స్ లోయనుంచి కాలువ తవ్వి నీళ్ళు తెచ్చాక, 1915లో ఈ పొలాల్లో అధికభాగం లాస్ ఏంజెలెస్ నగరంలో కలిసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత విమానాల, కార్ల ఫ్యాక్టరీలు, వాటి వెనకే వేలాది ఇళ్ళు వచ్చాయి. తెల్లవారికి తప్ప అమ్మరాదన్న షరతులు చాలా ఇళ్ళ దస్తావేజుల్లో ఉండేవి. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చినా పేటల రూపు మారడానికి మరో తరం పట్టింది. 1979 విప్లవం తర్వాత ఇరానీయులు ఎన్సినో, టార్జానా వైపు వచ్చారు. అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఎల్ సాల్వడార్ కుటుంబాలు వాన్ నైస్ చుట్టూ అద్దె ఇళ్ళలో చేరాయి. లోయకు పడమటి కొసన కాలబాసస్ కొండల్లో 1980లలో వెలిసిన వేంకటేశ్వరాలయానికి ఈ ప్రాంతపు తెలుగువారూ వస్తుంటారు.

గ్రిఫిత్ పార్కు మలుపు తిరిగాక కొన్ని మైళ్ళపాటు నది అడుగున కాంక్రీటు ఉండదు. భూగర్భజలం పైకి ఉబికి రావడంతో అక్కడ కాంక్రీటు వేయలేకపోయారు. విల్లో చెట్లు, కొంగలు ఉన్నది ఈ భాగంలోనే. పక్కనున్న గ్లెండేల్ ఆర్మేనియన్లకు పెద్ద కేంద్రం. లెబనాన్, ఇరాన్, సోవియట్ ఆర్మేనియాల నుంచి వేర్వేరు దశల్లో వచ్చారు. 1915 ఆర్మేనియన్ జాతిహత్య సంస్మరణ దినమైన ఏప్రిల్ 24న అక్కడి ప్రభుత్వ బడులు మూసేస్తారు.

1781లో 44 మంది లాస్ ఏంజెలెస్ నగరానికి పునాది వేసింది ఇంకాస్త దిగువన, టోంగ్వా ఆదివాసుల యాంగ్నా గ్రామం దగ్గర. ఆ 44 మందిలో సగానికి పైగా ఆఫ్రికన్ మూలాలున్నవారే. అంటే ఈ ఊరు పుట్టుకతోనే మిశ్రమం. నదికి తూర్పున ఉన్న బాయిల్ హైట్స్‌లో యూదులు, జపనీయులు, మెక్సికన్లు, రష్యన్లు ఒకే వీధుల్లో బతికారు. 1942లో జపనీయులను నిర్బంధ శిబిరాలకు తరలించారు, యుద్ధం ముగిశాక యూదులు పడమటి పేటలకు వెళ్ళారు, మెక్సికన్లు మిగిలారు. బడిలో స్పానిష్ మాట్లాడితే దండించే రోజులవి. 1968 మార్చిలో లింకన్, రూజ్‌వెల్ట్, గార్ఫీల్డ్ మొదలైన హైస్కూళ్ళ నుంచి వేలమంది పిల్లలు తరగతులు వదిలి బయటికి వచ్చారు. తమ భాషలో చదువు, పాఠాల్లో తమ చరిత్ర, తమవారైన ఉపాధ్యాయులు కావాలని అడిగారు. 1960ల మధ్యలో సగానికి పైగా తెల్లపిల్లలే ఉన్న లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్ విద్యా జిల్లా బడుల్లో ఇవాళ నలుగురిలో దాదాపు ముగ్గురు లాటినోలు. 1968లో ఆ పిల్లలు అడిగినవి ఎంత న్యాయమో ఈ లెక్కే చెబుతుంది.

నగరం నడిబొడ్డు దాటితే వెర్నన్. అంతా ఫ్యాక్టరీలే. 2020లో అక్కడ నివసించేవారు 222 మంది. దాన్ని ఆనుకున్న మేవుడ్‌లో మూడు చదరపు కిలోమీటర్లలో పాతికవేల మంది. ఇంకొంచెం దిగువన ఉన్న సౌత్ గేట్ ఒకప్పుడు తెల్ల కార్మికుల ఊరు. అలమీడా వీధికి అవతల వాట్స్‌లో ఉన్న నల్లవారికి ఇక్కడ ఇల్లు దొరికేది కాదు. 1965లో వాట్స్‌లోని నల్లవారు తిరగబడ్డాక సౌత్ గేట్ నుంచి తెల్లవారు కదిలారు. 1982లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మూతపడింది. ఖాళీ అయిన ఇళ్ళలోకి లాటినో కుటుంబాలు వచ్చాయి, ఒక్కో ఇంట్లో రెండు మూడేసి కుటుంబాలు కూడా సర్దుకున్నాయి. దాంతో బడులు కిక్కిరిశాయి. పిల్లలను జట్లుగా విడగొట్టి ఏడాది పొడవునా వంతులవారీగా బడి నడిపారు. ఒక పద్ధతిలోనైతే మిగతా పిల్లలకు 180 పనిదినాలుంటే వీరికి 163 దినాలే. రోజూ కొన్ని నిమిషాలు అదనంగా కూర్చోబెట్టి లోటు పూడ్చామన్నారు. పోయిన పదిహేడు రోజులకు అది సాటి రాదు. 1997లో బడుల కోసం బాండ్లకు ఓటర్లు ఒప్పుకున్నాక ఇరవయ్యేళ్ళలో 131 కొత్త బడులు కట్టారు.

అవి పూర్తయ్యేలోపే పిల్లలు తగ్గడం మొదలైంది. 2003-04లో లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్‌లో ఏడు లక్షల నలభై వేలు దాటిన విద్యార్థులు ఇప్పుడు నాలుగు లక్షల దరిదాపు. కౌంటీలో పుట్టే పిల్లల సంఖ్య 1990తో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. పెరిగిన అద్దెలు పడుచు కుటుంబాలను ఎడారి అంచు ఊళ్ళకు, ఇతర రాష్ట్రాలకు తరిమాయి. ప్రభుత్వ నిధులతోనే విడిగా నడిచే చార్టర్ బడులు మరికొందరిని తీసుకున్నాయి.

సౌత్ గేట్‌లో వచ్చినలాంటి జనమార్పే ఇంకా దిగువన కాంప్టన్ దగ్గరా మరో రంగులో జరిగింది. తెల్లవారి ఊరు నల్లవారి ఊరై, ఇప్పుడు లాటినోలు ఎక్కువగా ఉన్న ఊరైంది. నది చివరనున్న లాంగ్ బీచ్‌లో అనహైమ్ వీధి కాంబోడియన్లది. అక్కడి విశ్వవిద్యాలయానికి ముందే వచ్చిన కాంబోడియన్ విద్యార్థుల పరిచయాలు 1975 తర్వాత కాంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన నుంచి తప్పించుకున్నవారికి దారి చూపాయి. శరణార్థి శిబిరాల్లో పుట్టిన పిల్లలను చేర్చుకున్న లాంగ్ బీచ్ యూనిఫైడ్‌లోనూ విద్యార్థులు 90 వేల పైనుంచి 70 వేల లోపుకు వచ్చారు. కాలిఫోర్నియాలో బడికి వచ్చే డబ్బు హాజరైన పిల్లల లెక్కనుబట్టి ఉంటుంది. 2013 నుంచి పేదపిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారు, పెంపుడు ఇళ్ళలో ఉన్నవారు ఎంతమంది ఉంటే అంత అదనంగా ఇస్తున్నారు. అందుకే నది సముద్రంలో కలిసే ఈ ఊళ్ళోనూ, అది పుట్టిన కెనోగా పార్క్‌లోనూ ఏ బడిలో ఎందరు ఉపాధ్యాయులు నిలుస్తారన్నది ఆ ఏటి పిల్లల లెక్క మీదే ఆధారపడి ఉంది.