కిక్కు కొట్టే ముందు ప్లగ్గు చూడండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. ఈ పేజీల్లో పాత విద్యార్థులు మామూలుగా క్రమశిక్షణ గురించి, కష్టపడి చదవడం గురించి రాస్తుంటారు. అవి చెప్పడానికి నాకన్నా తగినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది బండి. పదో తరగతి పరీక్షలయ్యాక సారపాకలో ఒక మెకానిక్ షెడ్డులో పానాలు అందించడంతో మొదలుపెట్టాను. ఇవాళ చిన్నదైనా సొంత షెడ్డు ఉంది. అందుకని తమ్ముళ్లారా, స్టార్ట్ కాని కిక్ బండి గురించి నాలుగు మాటలు రాస్తాను.

మేము హాస్టల్లో ఉన్న 1990ల్లో బండి అంటే ఎక్కువగా రాజ్‌దూత్, లేదంటే యమహా ఆర్‌ఎక్స్ 100. పేపర్ మిల్లు షిఫ్టు దిగి వచ్చేవాళ్ల బండ్ల చప్పుడు విని ఏది ఏ బండో స్టడీ అవర్‌లో కూర్చునే చెప్పేవాళ్లం. రెండూ టూ స్ట్రోక్ బండ్లే. రాజ్‌దూత్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. ఆర్‌ఎక్స్ 100కి ఆయిల్ డబ్బా వేరే ఉంటుంది, బండే కలుపుకుంటుంది. ఏ బండికైనా ఆయిల్ పాళ్లు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా జిడ్డు కడుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. పిస్టన్ పట్టేస్తే ఖర్చు కాబట్టి మనవాళ్లు ఎందుకైనా మంచిదని ఆయిల్ ఓ చెయ్యి ఎక్కువే పోసేవాళ్లు. పొద్దున్నే వీధిలో సగం బండ్లు మొరాయించడానికి కారణం అదే.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. వానాకాలం. ఏడో తరగతి తమ్ముడొకడికి సాయంత్రం నుంచి చలిజ్వరం. మన ఏజెన్సీ పక్క ఊళ్లలో చలిజ్వరం అంటే అందరికీ ముందు మలేరియానే గుర్తొస్తుంది. రాత్రి పదింటికి వాడు మాటకు పలకడం మానేశాడు. ఆస్పత్రి గోదావరి వంతెన అవతల, భద్రాచలంలో. ఆ వేళకి ఆటో దొరకదు. వార్డెన్ సార్ దగ్గర పాత టూ స్ట్రోక్ బండి ఉండేది. సాయంత్రమంతా వానలో నిలబడి ఉంది. సార్ చోక్ లాగి కొట్టారు, పలకలేదు. మళ్లీ కొట్టారు. ముప్పై సార్లైనా కొట్టి ఉంటారు. మేము పదిమందిమి గేటు దాకా తోశాం. రెండో గేరులో వేసి క్లచ్ వదిలితే వెనక చక్రం బురదలో జారిందే గానీ ఇంజను పలకలేదు. లోపల వంట అక్క పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది.

అప్పుడు వాచ్‌మన్ తాత గొడుగు కింద నుంచి, "ఆగండి సారూ. ఇట్టా తంతా ఉంటే అది ఇంకా మునుగుతది" అన్నాడు. టార్చి నా చేతికిచ్చి, పెట్రోలు కట్టేసి, పానాతో ప్లగ్గు విప్పాడు. ప్లగ్గు కొసన పెట్రోలు బొట్టుబొట్టుగా కారుతోంది. ప్లగ్గు పక్కన పెట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ఐదారు సార్లు కిక్కు కొట్టమన్నాడు. రంధ్రంలోంచి లోపలి పెట్రోలు తుంపరగా బయటికొచ్చింది. ప్లగ్గుని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, వంటింట్లో పొయ్యి అంచున వేడి బూడిద మీద పెట్టి, ఆరాక తెచ్చి బిగించాడు. "ఇప్పుడు చోక్ వద్దు సారూ" అన్నాడు. మూడో కిక్కుకి బండి పలికింది. సార్ ముందు, తమ్ముడు మధ్యలో, వాణ్ని పట్టుకుని పదో తరగతి అన్న వెనక. వంతెన వైపు ఎర్ర లైటు వెళ్లిపోవడం చూస్తూ మేమంతా వానలోనే నిలబడ్డాం. తమ్ముడు వారం రోజులకి తిరిగొచ్చాడు.

తాత చేసినదాంట్లో మంత్రం ఏమీ లేదు. ఇంజను పలకాలంటే మూడు కావాలి: పెట్రోలు, సరైన సమయానికి నిప్పురవ్వ, లోపల ఒత్తిడి. ఏది లేదో ప్లగ్గే చెబుతుంది. కొన్ని కిక్కులు కొట్టి విప్పి చూస్తే ప్లగ్గు పొడిగా ఉందా, పెట్రోలు రావడం లేదు. రిజర్వ్‌లో పెట్టారా చూడండి, పైపు పీకి ధార వస్తోందో లేదో చూడండి. ధార రాకపోతే ట్యాంకు మూత ఒకసారి తెరవండి. మూతకి గాలి పీల్చే సన్న రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో పూడితే ట్యాంకు నిండా పెట్రోలున్నా చుక్క దిగదు. ధార వస్తుంటే కార్బరేటర్ జెట్‌లో నలుసు ఉండొచ్చు. ప్లగ్గు తడిగా ఉందంటే పెట్రోలు అందుతోంది, అంటుకోవడమే లేదు. అప్పుడు ప్లగ్గుని క్యాపుకి తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టాలి. చుట్టూ పెట్రోలు తడి లేకుండా చూసుకోండి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోండి. నీలం రవ్వ చిటపటమంటే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, నీరసంగా వస్తే ముందు ప్లగ్గు కొసలు గరుకు కాగితంతో రుద్ది, సందు చూడాలి. చాలా బండ్లకి హాక్సా బ్లేడు మందమంత సందు సరిపోతుంది. కిక్కు రాడ్డు చేత్తో నొక్కినా తేలిగ్గా దిగిపోతోందంటే లోపల ఒత్తిడి లేదు, అది ఇంట్లో అయ్యే పని కాదు, షెడ్డుకు తీసుకెళ్లండి. వీటన్నిటికన్నా ముందు హ్యాండిల్ మీద ఎర్ర స్విచ్ ఉంటే అది ఆఫ్‌లో లేదని చూసుకోండి. నవ్వకండి, నా షెడ్డుకు తోసుకొచ్చిన బండ్లలో అలాంటివీ ఉన్నాయి.

నీళ్లలో మునిగిన బండి కథ వేరు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని మా పెద్దవాళ్లు చెబుతుంటే వినేవాణ్ని. 2022 జూలై 16న 71.3 అడుగులు నా కళ్లతో చూశాను. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, దాని మీద ఇంకో 18 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నీళ్లు తీశాక షెడ్డు ముందు బురద బండ్లు వరసకట్టాయి. వాటిలో కూలి పనికి వెళ్లే ఒకాయన బండి ఉంది. ఇంటి దగ్గరే ఇద్దరు మనుషులు మార్చి మార్చి కిక్కు కొట్టారట. విప్పి చూస్తే సన్న ఇసుక లోపలికి పోయి బోరు నిలువునా గీతలు పడింది. పక్కనే అదే మోడల్ బండి ఇంకొకటి, ముట్టుకోకుండా తోసుకొచ్చారు. ప్లగ్గు తీసి నీళ్లు బయటికి పోనిచ్చి, పాలు పోసిన టీ రంగులో ఉన్న ఇంజను ఆయిల్ దించేసి, ట్యాంకు, కార్బరేటర్ గిన్నె, ఫిల్టర్ శుభ్రం చేసి, కొత్త ఆయిల్ పోస్తే సాయంత్రానికి ఇంటికి వెళ్లింది. మొదటాయనకి రెండు వారాల కూలి బోరుకే పోయింది. మునిగిన బండికి కిక్కు కొట్టొద్దు, తాళం కూడా తిప్పొద్దు.

2020 తర్వాత వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో పెట్రోలు తోసే పంపుకే కరెంటు కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా చస్తే కిక్కు ఉన్నా చాలావాటికి లాభం లేదు. ఇక పాత బండ్లున్నవాళ్లకు ఒక మాట. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది నీటిని పీల్చుకుంటుంది. తడి ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి, కార్బరేటర్‌కి ముందు చేరేది అదే. సెలవులకు బండి వదిలి వెళ్లేటప్పుడు పెట్రోలు కట్టేసి, కార్బరేటర్ గిన్నె కింది స్క్రూ తిప్పి ఖాళీ చేసి వెళ్లండి.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆఫీసు గది బీరువా మీద ఒక ప్లగ్గు పానా, గరుకు కాగితం, రెండు కొత్త ప్లగ్గులు పెట్టి వెళతాను. ఇప్పటి వార్డెన్ గారి బండికి ఏది సరిపోతుందో, వాచ్‌మన్ అన్న బండికి ఏది సరిపోతుందో అట్టపెట్టె మీద రాసి ఉంటుంది.

— ఒక పూర్వ విద్యార్థి, సారపాక