సున్నపురాయి అపొస్తలులు

మెల్‌బోర్న్‌లో అబ్బాయి ఇంటి నుండి రాస్తున్నాము. పోయిన గురువారం మేము ఎక్కడున్నామో కొందరు అడిగారు. దాచడానికేమీ లేదు, చెబుతాము.

ఆ రోజు పొద్దున్నే ఏడింటికి ఫోను మోగింది. మన ఊళ్లో అప్పుడు రాత్రి రెండున్నర. ఆ వేళలో ఊరి నుండి ఫోను వస్తే ఎత్తకముందే సంగతి తెలిసిపోతుంది. మన బట్టీ తాతయ్య ప్రభువునందు నిద్రించారు. సాయంత్రం నాలుగింటికి సమాధి కార్యక్రమం అన్నారు. ఏ విమానం ఎక్కినా అందుకోలేము. అబ్బాయి మా కోసం సెలవు పెట్టి, ఎప్పటినుండో అనుకుంటున్న ప్రయాణం ఆనాడే. "మానేద్దామా నాన్నగారూ?" అని అడిగాడు. మా ఇద్దరిలో ఒకరికి వెళ్లాలని లేదు, ఇంకొకరికి ఆ పూట ఇంట్లో కూర్చోవాలంటే భయం వేసింది. చివరికి వెళ్లాము.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చోటి పేరు పన్నెండుమంది అపొస్తలులు. పేరు విన్ననాడే మేము ప్రసంగం సిద్ధం చేసుకున్నాము. పేతురు అంటే రాయి అని అర్థం, అలలు కొట్టినా కదలని విశ్వాసము, ఇలా. చూడకముందే దృష్టాంతం రాసిపెట్టుకోవడం మా సేవకులకున్న రోగం.

మెల్‌బోర్న్ నుండి సుమారు 275 కిలోమీటర్లు, పోర్ట్ క్యాంప్‌బెల్ అనే చిన్న ఊరి దగ్గర. నేల కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, కింద సముద్రం. ఆ నీళ్లలో కొబ్బరిచెట్లను మించిన ఎత్తున పసుపురంగు రాతి స్తంభాలు విడివిడిగా నిలబడి ఉన్నాయి. చలిగాలి శాలువా నిలవనివ్వలేదు. లెక్కపెట్టాము. ఏడు. మళ్లీ లెక్కపెట్టాము. ఏడే. ఒకటి మరుగున ఉంది, మొత్తం ఎనిమిది అన్నాడు అబ్బాయి. పన్నెండు ఎప్పుడూ లేవట! పూర్వం ఆడపంది, దాని పిల్లలు అనేవారట. వచ్చేపోయేవారికి నచ్చేలా తరువాత పేరు మార్చారట. తొమ్మిదింటిలో 50 మీటర్ల స్తంభం ఒకటి 2005 జూలైలో చూస్తుండగానే కూలి రాళ్లకుప్ప అయింది.

అమ్మగారు రెయిలింగు పట్టుకొని చాలాసేపు చూసి, "ఏమండీ, ఇది మన పిడుగురాళ్ల రాయి లాగే ఉందే" అన్నారు. నిజమే, సున్నపురాయే. మన పల్నాటి రాయి దీనికన్నా చాలా పాతది, గట్టిది. ఇది మెత్తన. అల గట్టును తొలిచి ముందు గుహ చేస్తుంది, గుహ అటూ ఇటూ తెరుచుకుంటే తోరణం, తోరణం పైకప్పు పడిపోతే మిగిలేది ఈ స్తంభం. మొదలు దగ్గర ఏడాదికి రెండు సెంటీమీటర్ల దాకా ఇంకా తింటూనే ఉందట. ఆ దగ్గరలోనే లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెన ఉండేది. 1990 జనవరిలో ఇద్దరు దాని చివరిదాకా నడిచాక వెనుక వంతెన కూలిపోయింది. హెలికాప్టరు వచ్చి వారిని దించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, స్తోత్రం.

కదలని రాయి ప్రసంగం అక్కడే గాలికి పోయింది.

తాతయ్య నలభయ్యేళ్లు బట్టీలో ఈ రాయినే కాల్చిన మనిషి. ఆయన చేతుల మీద సున్నం తిన్న మచ్చలు మీరందరూ చూసినవే. ప్రతి క్రిస్మస్‌కు ముందు మందిరానికి సున్నం వేసేది ఆయనే, అదీ సొంత డబ్బుతో. పోయిన ఏడు ఒక దాత ఇస్తానంటే మేము నీలం పెయింటు వేయించాము. ఆయనను ఒక్క మాట అడగలేదు. ఆయనా ఏమీ అనలేదు. అప్పటినుండి కూడికకు వచ్చి బయట వరండాలోనే కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులని మేము మీతో చెప్పాము. అది నిజం కాదని మాకు తెలుసు. తిరిగి వచ్చాక వెళ్లి మాట్లాడదామనుకున్నాము.

మొదటి కూడికకు వచ్చినవారు పదకొండు మంది. అమ్మగారు ఆ గాలిలో నిలబడి వేళ్లు మడిచి లెక్కవేశారు. "ఇంక ముగ్గురేనండీ."

తిరుగు దారిలో రాత్రి ఎనిమిదిన్నరకు ఒక పెట్రోలు బంకు దగ్గర కారు ఆపించాము. వీడియోలో పెట్టె మందిరం గుమ్మం దాటుతోంది. పాట సగం వినిపించి సగం తెగిపోయింది. ఫోను పట్టుకున్న పిల్లవాడి చెయ్యి కదిలి, ఒక్క క్షణం గోడ కనిపించింది. కింద చెమ్మకు నీలం పొరలు పొరలుగా లేచింది. దాని వెనుక తెల్లగా ఆయన వేసిన సున్నం.

జూన్ రెండో ఆదివారానికి వస్తాము. దిగగానే ముందు మామ్మగారి దగ్గరికి వెళ్తాము, తరువాతే మందిరానికి. ఈలోగా ఆ గోడను ఎవరూ గీకవద్దు. బట్టీ దగ్గర రెండు బస్తాల సున్నం చెప్పి ఉంచండి, డబ్బు మేమిస్తాము.